సొంత కంపెనీ షేర్లలోనే డబ్బంతా ఎందుకు పెడతారు? అమ్మమంటే ఎందుకు అమ్మరు?

చంద్రగిరి_కోట | ఉదయం 9:10

నేను ఆడిటర్‌ని, ఆదాయపు పన్ను రిటర్నుల కాలం వచ్చింది. క్లయింట్ల డీమ్యాట్ (షేర్లుండే ఖాతా) స్టేట్‌మెంట్లు తీసి చూస్తే మళ్లీ అదే వరస. ఐదారు కంపెనీల పేర్లు ఉంటాయి, విలువలో ముప్పాతిక భాగం మాత్రం ఒక్కదానిదే. అది జీతం ఇచ్చే కంపెనీ. రేణిగుంట ఎలక్ట్రానిక్స్ యూనిట్లు, శ్రీసిటీ, కరకంబాడి, బ్యాంకులు, బెంగళూరు ఉద్యోగం తిరుపతి ఇంట్లో కూర్చుని చేసేవాళ్లు, ఎవరిని చూసినా తేడా లేదు. చదువు లేకనా అంటే, అకౌంట్స్ సెక్షన్లో పనిచేసేవాళ్లదీ ఇదే కథ.

డబ్బంతా ఒకేచోట పెట్టకూడదని అందరికీ తెలుసు, కాబట్టి ఆ ఉపదేశం ఇక్కడ వద్దు. తెలిసీ ఎందుకు పెడతారు, పెట్టాక ఎందుకు కదపరు, కదపాలంటే ఎక్కడ చిక్కుకుంటారు, ఈ మూడింటి మీద రాయండి. లెక్కలు ఉంటే మంచిది.

పాకాల_జంక్షన్ | 9:34

ఇందులో ఆశ్చర్యం ఏముండాది సామీ? కళ్ల ముందర కనపడే కంపెనీ. మూడు షిఫ్టులు నడస్తా ఉండాయి, గేటు దగ్గర లారీలు క్యూలో ఉండాయి, ఓటీ అడక్కుండానే ఇస్తా ఉండారు. యాడో గుజరాత్‌లో ఉండే కంపెనీ షేరు యూట్యూబ్‌లో చూసి కొనేదాని కంటే ఇది నయం కదా. లోపల ఏం జరుగుతా ఉండాదో బయటోడి కంటే మనకే బాగా తెలుస్తాది.

తలకోన_గాలి | 10:02

@పాకాల_జంక్షన్ అన్నా, మీరు రాసిన ఆఖరి వాక్యమే అసలు కారణం. అది సగం నిజం, అందుకే ప్రమాదం.

లారీ గేటు దాటడం కనిపిస్తుంది. ఆ సరుకు డబ్బు 45 రోజుల్లో వస్తుందా, 150 రోజులు పడుతుందా అన్నది కనిపించదు. అమ్మకాల్లో సగం ఒకే కొనుగోలుదారుడివైతే షాప్‌ఫ్లోర్‌లో ఎవరికీ తెలియదు. ప్రమోటర్లు తమ షేర్లు ఎంత తాకట్టు పెట్టారు, వర్కింగ్ క్యాపిటల్ అప్పు ఎంత పెరిగింది, ముడిసరుకు ధర పెరిగితే కస్టమర్ మీద వేయగలరా లేదా, ఇవేవీ ప్లాంటులో తిరిగితే తెలిసేవి కావు. పైగా కొత్త ఆర్డర్లు తగ్గుతున్నా పాత ఆర్డర్ పూర్తిచేయడానికి ఓటీ నడుస్తూ ఉండొచ్చు. అంటే బయటి మనిషి చదివే బ్యాలెన్స్ షీట్‌లో ఉన్నదే లోపలి మనిషి చదవడు. తెలిసిన చోటు కాబట్టి చదవాల్సిన పని లేదనుకుంటాడు.

దీనిమీద పరిశోధన ఉంది. ష్లోమో బెనార్ట్జి 2001లో అమెరికా ఉద్యోగుల పెన్షన్ ఖాతాలు పరిశీలించాడు. గత 10 ఏళ్లలో షేరు బాగా పెరిగిన కంపెనీల్లో ఉద్యోగులు తమ ఇష్టంతో పెట్టే డబ్బులో దాదాపు 40 శాతం సొంత కంపెనీ షేరులో పెట్టారు. షేరు చతికిలబడిన కంపెనీల్లో అది 10 శాతం దగ్గరే ఉంది. తర్వాతి రోజుల్లో ఏ షేరు పెరుగుతుందన్నదానికీ ఈ ఎంపికకూ పొంతన దొరకలేదు. లోపలి సమాచారం ఏమీ పనిచేయలేదన్నమాట. వాళ్లు చూసింది పాత గ్రాఫ్ ఒక్కటే, మనం చూసేదే.

అదే పరిశీలనలో ఇంకొకటి తేలింది. యాజమాన్యం తన వంతు వాటాను నగదుగా కాకుండా షేర్లుగా ఇస్తే, ఉద్యోగి తన సొంత డబ్బు కూడా అందులోనే ఎక్కువ పెడతాడు. మామూలుగా ఆలోచిస్తే తగ్గించాలి, ఎలాగూ కంపెనీ ఇస్తోంది కదా. జరిగేది తలకిందులు. ‘కంపెనీయే ఇస్తోందంటే మంచిదనే కదా’ అనుకుంటారు. పెద్దాయన తిని చూపించిన ప్రసాదం లాగా.

స్వర్ణముఖి_తీరం | 10:41

బ్యాంకుల సంగతి నేను చెప్తాను. 2018, 2019 ప్రాంతంలో చాలా ప్రభుత్వ బ్యాంకులు మూలధనం కోసం ఉద్యోగులకు షేర్లు అమ్మాయి, ఈఎస్‌పీఎస్ (ఉద్యోగుల షేర్ల కొనుగోలు పథకం) పేరుతో. మార్కెట్ ధర కంటే తగ్గింపు, ఒక ఏడాది లాకిన్, అంటే అప్పటిదాకా అమ్మకూడదు. కొన్నిచోట్ల కొనడానికి స్టాఫ్ లోన్ కూడా ఇచ్చారు. లాకిన్ ఉంటే తగ్గింపుకు అర్థమే మారిపోతుంది. ఇవాళ దొరికిన లాభం ఏడాది తర్వాత ఉంటుందో లేదో తెలియదు, లోన్ కంతు మాత్రం ఈ నెల నుంచే కట్ అవుతుంది. 2020 మార్చికి బ్యాంకు షేర్ల ధరలు ఎక్కడికి పడ్డాయో అందరికీ గుర్తుండే ఉంటుంది.

ఇందులో ఇష్టం పాళ్లు ఎంత అన్నది వేరే ప్రశ్న. బ్రాంచీలవారీగా ఎంతమంది పెట్టారో లిస్టు తిరిగితే, ప్రమోషన్ ఇంటర్వ్యూ ఎదురుగా ఉన్న స్కేల్-2 ఆఫీసరు సున్నా పెట్టగలడా? దీన్ని ‘పెట్టుబడి నిర్ణయం’ అని పుస్తకాల్లో రాస్తారు గానీ, మనిషి లెక్కలో అది హాజరు వేయించుకోవడం.

ఎల్ఐసీ ఐపీఓ (జనానికి మొదటిసారి షేర్లు అమ్మడం) కూడా చూడండి. ఇష్యూ ధర 949. ఉద్యోగులకు 45 తగ్గించి 904. 2022 మే 17న లిస్ట్ అయిన మొదటి రోజే 904 కంటే కిందే ముగిసింది. ఉద్యోగుల కోటా అంటే లాభం ఖాయం అనుకోవడం ఎంత అలవాటైపోయిందో ఆ వారమంతా కనపడింది.

శ్రీసిటీ_బిషిఫ్ట్ | 11:15

మా లాంటివాళ్ల విషయం ఇంకోరకం. కొన్నది ఏమీ లేదు. విదేశీ మాతృసంస్థ ఆరెస్‌యూలు (జీతంలో భాగంగా ఊరికే ఇచ్చే షేర్లు) ఇస్తుంది, ఏటా పావు వంతు చొప్పున వెస్ట్ అవుతాయి, అంటే మన సొంతమవుతాయి, వాటంతట అవే ఖాతాలో పడతాయి. 100 వెస్ట్ అయితే పన్నుకింద 32 అమ్మేసి 68 చేతికి ఇస్తారు. ఆ 68 అలా పేరుకుపోతాయి. దీన్ని కూడా ‘సొంత కంపెనీలో పెట్టడం’ అంటారా? అసలు ఏ నిర్ణయమూ తీసుకోలేదు కదా.

తలకోన_గాలి | 11:28

అంటారు. నిర్ణయం తీసుకోకపోవడమే నిర్ణయం. ఆ 68 షేర్ల బదులు అంతే నగదు బోనస్‌గా జీతం ఖాతాలో పడి ఉంటే, ఆ సాయంత్రమే యాప్ తెరిచి మొత్తం డబ్బుతో అదే షేరు కొంటారా? నూటికి తొంభై మంది ‘అబ్బే, ఇంటి లోన్‌కి కడతాను, కొంచెం బంగారం తీసుకుంటాను’ అంటారు. మరి అమ్మకుండా ఉంచుకోవడమూ కొనడమూ ఒకటే. వెస్ట్ అయిన రోజునే పన్ను పడిపోయింది కాబట్టి ఉంచుకుంటే పన్ను కలిసొచ్చేదీ లేదు. ఆ రోజు అమ్మితే దాదాపు సున్నా మూలధన లాభం.

చంద్రగిరి_కోట | 12:05

ఈ పన్ను ముక్క దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు కాబట్టి ఒక లెక్క పూర్తిగా వేద్దాం. ఈసాప్ (ముందే ఖాయం చేసిన ధరకు కంపెనీ షేరు కొనే హక్కు, దాన్నే ఆప్షన్ అంటారు), లిస్టెడ్ భారతీయ కంపెనీ, 2025-26 కొత్త పద్ధతి స్లాబులు.

ఉద్యోగి జీతం ఏడాదికి 18 లక్షలు. 400 ఆప్షన్లు వెస్ట్ అయ్యాయి. ఎక్సర్‌సైజ్ ధర, అంటే ఆ హక్కు వాడుకుని షేరు కొనే ధర, 200. ఎక్సర్‌సైజ్ చేసిన రోజు మార్కెట్ ధర 700. ఈ 700 అంటే ఆ రోజు ఓపెనింగ్, క్లోజింగ్ ధరల సగటు, మనం యాప్‌లో చూసిన ధర కాదు.

కంపెనీకి కట్టాల్సింది 400 × 200 = 80,000.
పెర్క్విజిట్ (జీతంతోపాటు దక్కిన లాభం) 400 × 500 = 2,00,000. ఇది జీతంలో కలుస్తుంది.
16 నుంచి 20 లక్షల స్లాబు, సెస్సుతో 20.8 శాతం, అంటే పన్ను 41,600.
జేబులోంచి పోయింది మొత్తం 1,21,600. చేతిలో ఉన్న షేర్ల విలువ 2,80,000.

అదే రోజు అమ్మితే బ్రోకరేజీ పక్కనపెట్టి మిగిలేది 1,58,400. ‘ఇంకా పెరుగుతుంది’ అని ఉంచుకున్నాడు. ఏడెనిమిది నెలల్లో ధర 400కి దిగింది. ఇప్పుడు విలువ 1,60,000. పెట్టింది తీసేస్తే మిగిలింది 38,400. 250కి దిగితే విలువ 1,00,000, అంటే ఉద్యోగానికి బహుమతిగా ఇచ్చిన దానిమీద సొంత జేబులోంచి 21,600 నష్టం.

‘నష్టం వచ్చింది కదా, కట్టిన 41,600 వెనక్కి వస్తుందా’ అని అడుగుతారు. రాదు. అది జీతం మీద పన్ను. 700 నుంచి కిందికి వచ్చినది మూలధన నష్టం, దాన్ని మూలధన లాభాలతోనే సర్దుబాటు చేయాలి, లాభాలు లేకపోతే 8 ఏళ్లు ముందుకు తీసుకెళ్లవచ్చు. అదీ గడువులోపు రిటర్ను వేస్తేనే. జీతంతో కలపడానికి ఒప్పుకోరు.

ఇంకొకటి, ఎక్సర్‌సైజ్ చేసిన నెల పేస్లిప్ చూసి గుండె ఆగినంత పని అవుతుంది. 41,600 టీడీఎస్ ఆ నెలలోనే పట్టుకునే కంపెనీలు ఎక్కువ. ఆ నెలకే స్కూలు ఫీజు టర్మ్ ఉంటే ముందే చూసుకోవాలి.

పాకాల_జంక్షన్ | 12:20

లెక్క బాగుండాది ఆడిటర్ సార్. కానీ 700 నుంచి 2,000కి పోతే? ఇన్ఫోసిస్ సంగతి ఎవురూ మాట్లాడరేం? 1993లో 95 రూపాయలకి ఐపీఓ, 1994 నుంచే ఉద్యోగులకు షేర్లు. అమ్మకుండా కూర్చున్నోళ్లు యాడ ఉండారో, అప్పుడే అమ్మి స్కూటర్ కొనుక్కున్నోళ్లు యాడ ఉండారో చూడండి.

తలకోన_గాలి | 12:47

నిజమే, కూర్చున్నవాళ్లు ఎక్కడికో వెళ్లారు. కానీ అదే దశాబ్దంలో హైదరాబాద్‌లో ఇంకో ఐటీ కంపెనీ ఉద్యోగులు కూడా అంతే నమ్మకంతో కూర్చున్నారు. 2009 జనవరి 7న, లెక్కలు తారుమారు చేశామని ఒప్పుకుంటూ సత్యం ఛైర్మన్ రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ఒక్కరోజులో షేరు దాదాపు 78 శాతం పడింది. అదే వారం జీతాలు వస్తాయో రావో తెలియదు, కొత్త ఉద్యోగం వెతుక్కోవాల్సిన కాలమేమో ప్రపంచమంతా మాంద్యం. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా 58 రూపాయల ధరతో తీసుకునేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నారు. ఇన్ఫోసిస్ కథ ఊళ్లో చెప్పుకుంటారు, ఇది చెప్పుకోరు. పోగొట్టుకున్నవాడు పెళ్లిలో కలిస్తే పోర్ట్‌ఫోలియో గురించి మాట్లాడడు కదా.

మామూలు నష్టానికీ దీనికీ తేడా ఆ ‘అదే వారం’ అన్నచోట ఉంది. వేరే కంపెనీ షేరు పడితే జీతం నడుస్తుంది, ఓపిక పట్టొచ్చు. సొంత కంపెనీ షేరు పడే రోజునే ఇంక్రిమెంటు ఆగుతుంది, బోనస్ పోతుంది, లేఆఫ్ లిస్టు తయారవుతుంది. అమ్మకూడని ధరలో అమ్మాల్సిన అవసరం సరిగ్గా అప్పుడే వస్తుంది.

అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్‌లో ఉద్యోగుల పెన్షన్ ఖాతాల సొమ్ము 60 శాతానికి పైగా సొంత షేరులోనే ఉండింది. 2000 ఆగస్టులో 90 డాలర్లు, 2001 నవంబరు చివరికి ఒక్క డాలరు కంటే తక్కువ, డిసెంబర్ 2న దివాలా పిటిషన్. కంపెనీ తన వాటాగా ఇచ్చిన షేర్లను 50 ఏళ్లు వచ్చేదాకా అమ్మనివ్వలేదు. పడుతున్న రోజుల్లోనే ఖాతాల నిర్వహణ సంస్థ మారుతోందని కొన్ని వారాలు లావాదేవీలు ఆపేశారు కూడా. అమ్ముదామనుకున్నవాడికీ తలుపు తెరుచుకోలేదు.

మన దగ్గర తలుపు మూసుకున్న సందర్భం యెస్ బ్యాంక్. 2020 మార్చి 5న మారటోరియం, అంటే డబ్బు తీయడం మీద ఆంక్షలు. పునర్నిర్మాణ పథకంలో 100 షేర్లకు మించి ఉన్నవాళ్లందరికీ 75 శాతం షేర్లు 3 ఏళ్లు లాకిన్ చేశారు. అదే ఏడాది నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకును డీబీఎస్‌లో కలిపినప్పుడు ఉద్యోగులు ఉద్యోగాల్లోనే ఉన్నారు, వాటాదారుల షేర్లు మాత్రం సున్నా చేసేశారు. ఉద్యోగం భద్రంగా ఉంటే షేరు కూడా భద్రమే అనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే చాలు.

కాణిపాకం_బాహుదా | మధ్యాహ్నం 1:30

అందరూ డీమ్యాట్ దగ్గరే ఆగిపోయారు. మన జిల్లాల్లో అసలు లెక్క డీమ్యాట్ బయట ఉంది.

ఒక ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు అనుకోండి. భర్తకు అందులో ఉద్యోగం. భార్యకు అదే గ్రూపు స్కూల్లోనో క్యాంటీన్ కాంట్రాక్టులోనో పని. ఫ్యాక్టరీకి రెండు కిలోమీటర్లలో అంకణాల (మన వైపు స్థలం కొలత) లెక్కన కొన్న ప్లాటు. పైఅంతస్తు కట్టి అద్దెకిచ్చింది అదే కంపెనీ ట్రైనీలకు. చీటీ వేసింది అదే షిఫ్టు వాళ్లతో. వీటన్నిటి మీద ఈసాప్ షేర్లు. కాగితం మీద రాస్తే ఆరు ఆస్తులు. నిజానికి ఒక్కటే, ఆరు పేర్లతో. ఒక లైను మూతపడితే ట్రైనీలు ఖాళీ చేస్తారు, చీటీలో ఇద్దరు కంతు ఎగ్గొడతారు, ప్లాటుకు బేరం రాదు. షేరు పడడం వీటిలో ఆరో దెబ్బ.

బెంగళూరులో పదివేల కంపెనీలు ఉన్నాయి, అక్కడివాడికి ప్లాటు ధర ఒక కంపెనీ మీద ఆధారపడదు. ఏర్పేడులో, బంగారుపాళెంలో, సత్యవేడులో ఆధారపడుతుంది. అందుకే ‘సొంత కంపెనీ షేరు 10 శాతం దాటొద్దు’ అనే లెక్కను పట్నం లెక్కగా తీసుకోండి. ఒకే యజమాని మీద బతికే ఊళ్లో అది 5 అయినా ఎక్కువే.

స్వర్ణముఖి_తీరం | 1:58

బాహుదా గారూ, అంకణాల దాకా తెచ్చారు, బాగుంది. కానీ అందరినీ ఒకే గాటన కట్టొద్దు. పీఎఫ్ నిండుగా ఉండి, ఇల్లు అప్పు లేకుండా ఉండి, భార్యాభర్తల జీతాలు వేర్వేరు రంగాల నుంచి వచ్చేవాళ్లు 15, 20 శాతం ఉంచుకుంటే కొంప మునగదు. మన ఈపీఎఫ్ సొమ్ములో ఉద్యోగి వెళ్లి సొంత కంపెనీ షేరు కొనే వీలు లేదు. ఎన్రాన్ తరహాలో ముసలితనపు డబ్బు మొత్తం పోయే దారి అక్కడ మూసి ఉంది. ఆ పునాది ఉన్నవాడి లెక్క వేరు, అది కూడా తీసేసి పెట్టేవాడి లెక్క వేరు.

తగ్గింపు పథకాలను అసలు ముట్టుకోవద్దనడం కూడా తప్పు. లాకిన్ లేని ఈఎస్‌పీపీ (జీతంలోంచి కోయించుకుని షేర్లు కొనే పథకం) 15 శాతం తగ్గింపుతో ఇస్తే 100 షేరు 85కి వస్తుంది. ఆ 15 మీద 20.8 శాతం పన్ను 3.12. మిగిలేది 11.88. 85 మీద అది దాదాపు 14 శాతం, ఆరు నెలలు జీతంలో కొంచెం కొంచెం కోయించుకున్న డబ్బు మీద. తీసుకోవాలి, పడిన రోజే అమ్మాలి. జనం తప్పు చేసేది తీసుకోవడంలో కాదు. తగ్గింపు వచ్చింది కాబట్టి షేరు చవక అనుకుని ఉంచేసుకోవడంలో. తగ్గింపు కొన్న రోజుతో అయిపోయింది, రెండో రోజు నుంచి అందరితోపాటు మనమూ.

శ్రీసిటీ_బిషిఫ్ట్ | 2:20

అక్కా, ఇది సూటిగా ఉంది. మరి అమ్ముదామంటే విండో మూసి ఉందంటారు, అదేంటి? లిస్టెడ్ కంపెనీ స్నేహితులు చాలామంది ఇదే సాకు చెప్తారు.

పుత్తూరు_కట్టు | 3:05

సాకు కాదు, సగం నిజమే. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం ‘డిజిగ్నేటెడ్ పర్సన్’ జాబితాలో ఉన్నవాళ్లకు త్రైమాసికం ముగిసిన నాటి నుంచి ఫలితాలు వెలువడిన 48 గంటల దాకా ట్రేడింగ్ విండో (సొంత కంపెనీ షేర్లు కొనడానికి, అమ్మడానికి అనుమతి ఉన్న కాలం) మూసి ఉంటుంది. అంటే మార్చి 31 తర్వాత మూసి, ఫలితాలు మే 20న వస్తే మే 22 తర్వాత తెరుచుకుని, జూన్ 30కి మళ్లీ మూత. జాబితాలో అందరూ ఉండరు. ఫైనాన్స్, సెక్రటేరియల్, పై హోదాలు, ఆ సమాచారం కళ్లబడే ఐటీ సిబ్బంది ఉంటారు. మీరు ఉన్నారో లేదో కంప్లయెన్స్ ఆఫీసర్‌కు ఒక మెయిల్ పెడితే తెలుస్తుంది. లేనివాళ్లు కూడా ఉన్నామనుకుని ఏళ్లతరబడి అమ్మకుండా కూర్చోవడం మామూలే. అయితే జాబితాలో లేకపోయినా, బయటికి రాని కీలక సమాచారం చేతిలో ఉంటే అమ్మకూడదు, కొనకూడదు.

ఇక్కడ ఎక్కువమంది జారిపడే మెట్టు ఒకటుంది. విండో మూసి ఉన్నా ఆప్షన్లు ఎక్సర్‌సైజ్ చేయొచ్చు, అమ్మడం కుదరదు. ఏప్రిల్ 5న ఎక్సర్‌సైజ్ చేశారనుకోండి, ఆ రోజు ధర మీద పన్ను ఖాయమైపోయింది. అమ్మగలిగేది మే 22 తర్వాత. మధ్యలో ఏడు వారాలు ధర ఎటు పోయినా భరించాలి. పైన ఆడిటర్ గారు వేసిన లెక్కలో 700 మీద పన్ను కట్టి 400కి అమ్మే పరిస్థితి ఇలాగే వస్తుంది. కాబట్టి విండో తెరుచుకున్న రెండు మూడు రోజుల్లో ఎక్సర్‌సైజ్ చేయండి, షేర్లు డీమ్యాట్‌లో పడగానే ఆ విండోలోనే అమ్మండి. అలాట్‌మెంట్ (షేర్లు కేటాయించడం) నెలకు ఒక్కసారే చేసే కంపెనీలు ఉన్నాయి, ఆ తేదీ ముందే కనుక్కోవాలి.

ఇంకా మూడు విషయాలు.

జాబితాలో ఉన్నవాళ్లు మార్కెట్‌లో కొంటే ఆరు నెలల దాకా అమ్మకూడదు, అమ్మితే ఆరు నెలలు కొనకూడదు. ‘పడింది కదా’ అని నాలుగు షేర్లు మార్కెట్‌లో కొని, తర్వాత పిల్ల పెళ్లికి అమ్మబోతే దొరికిపోయేది ఇందుకే.

ముందుగా ట్రేడింగ్ ప్లాన్ (ఎప్పుడు ఎంత అమ్ముతామో రాసిన పత్రం) ఇచ్చి, అది ఆమోదమై బయటికి ప్రకటించాక 120 రోజులు ఆగితే, విండో మూసి ఉన్నప్పుడు కూడా ఆ ప్లాన్ ప్రకారం అమ్మొచ్చు. 2024 సవరణకు ముందు ఈ ఎదురుచూపు ఆరు నెలలు ఉండేది. పెద్ద మొత్తం ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది, మామూలు ఉద్యోగికి విండో చాలు.

ఉద్యోగం మానేస్తే వెస్ట్ కాని ఆప్షన్లు పోతాయి. వెస్ట్ అయినవాటికి 30 రోజులో 90 రోజులో గడువు పథకంలో రాసి ఉంటుంది. అన్‌లిస్టెడ్ స్టార్టప్ అయితే ఇది మెడకు చుట్టుకుంటుంది, అమ్ముడుపోని షేర్ల మీద నగదుగా పన్ను కట్టాలి. ప్రభుత్వ ధ్రువీకరణ ఉన్న అర్హత గల స్టార్టప్‌లకు పన్ను వాయిదా ఉంది గానీ, ఉద్యోగం వదిలితే ఆ వాయిదా అక్కడితో తీరిపోతుంది.

పాకాల_జంక్షన్ | 3:22

మంచి మాట చెప్పినారు. ఇంకొక్క డౌటు. ఎక్సర్‌సైజ్ డబ్బు, పన్ను డబ్బు చేతిలో లేకపోతే గోల్డ్ లోన్ పెట్టి కట్టొచ్చునా? ఇంట్లో నగలు ఊరికే బీరువాలో ఉండాయి.

చంద్రగిరి_కోట | 3:50

అదే రోజు అమ్మడానికైతే లోన్ అవసరమే లేదు. చాలా కంపెనీల పోర్టల్‌లో ‘క్యాష్‌లెస్’ అని ఉంటుంది. వాళ్లే షేర్లు అమ్మి ఎక్సర్‌సైజ్ ధర, పన్ను మినహాయించి మిగతాది ఖాతాలో వేస్తారు. ఆ సదుపాయం లేని చోట వారం పది రోజులకు చేబదులు చాలు.

ఉంచుకోవడానికి గోల్డ్ లోన్ అంటే మాత్రం వద్దు. 1,21,600 మీద వడ్డీ 10 శాతం అనుకున్నా ఏడాదికి 12,160. షేరు ఏమాత్రం పెరగకపోయినా అంత పోతుంది. పడిందంటే అటు షేరు, ఇటు నగ రెండూ. పైగా లోన్ తీర్చేది ఏ జీతంతో? అదే కంపెనీ జీతంతో. బాహుదా గారి ఆరు ఆస్తుల పక్కన ఇంట్లో ఆడవాళ్ల నగ ఏడోదిగా చేరుతుంది. షేర్లు తాకట్టు పెట్టి తీసుకునే అప్పు ఇంకా మోసం. ధర పడితే మార్జిన్, అంటే ఇంకొంత డబ్బు, కట్టమని ఫోన్, కట్టకపోతే వాళ్లే అమ్మేస్తారు, మీ విండో, మీ ఆరు నెలల నిబంధన వాళ్లకు పట్టవు.

తలకోన_గాలి | 4:15

పేరుకుపోయినవాళ్లకు ఒక పద్ధతి. 1,000 షేర్లు ఉంటే ‘గరిష్ఠ ధరకు అమ్ముతా’ అని కూర్చోకుండా, ప్రతి విండోలో 125 చొప్పున ఎనిమిది త్రైమాసికాల్లో అమ్మేలా తేదీలు క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. ధర చూడొద్దు. అమ్మాక పెరిగితే బాధ ఉంటుంది, నిజం. కానీ ఇంకా 875 ఉన్నాయి కదా అన్న ఊరట కూడా ఉంటుంది. ఒకేసారి అమ్మమంటే ఎవరూ అమ్మరు, అందుకే ఈ వాయిదాల పద్ధతి. అన్నట్టు, ‘కొన్న ధర వస్తే అమ్ముతా’ అనేవాళ్లు ఈసాప్ విషయంలో ఏ ధరను కొన్న ధర అనుకుంటారో నాకు ఎప్పుడూ అర్థం కాదు. 200నా, 700నా, ఒకప్పుడు యాప్‌లో కనిపించిన 1,150నా? అడిగితే ఆఖరిదే చెప్తారు.

లిస్టెడ్ భారతీయ షేర్లయితే 12 నెలలు దాటినవాటి లాభంలో ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేదు, పైదానికి 12.5 శాతం. 12 నెలల లోపైతే 20 శాతం. మార్చిలో కొన్ని, ఏప్రిల్‌లో కొన్ని అమ్మితే రెండేళ్ల మినహాయింపూ వస్తుంది, ఏప్రిల్‌లో మీకు విండో తెరిచి ఉంటేనే.

చంద్రగిరి_కోట | 5:02

విదేశీ షేర్లున్న @శ్రీసిటీ_బిషిఫ్ట్ లాంటివాళ్లకు కొన్ని మాటలు. మీకు 12 నెలలు కాదు, 24 నెలలు. అంతకుముందు అమ్మితే లాభం స్లాబు ప్రకారం. 1.25 లక్షల మినహాయింపు మీకు వర్తించదు. ఐటీఆర్-1 వేయకూడదు, ఐటీఆర్-2లో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. అది ఆర్థిక సంవత్సరం లెక్క కాదు, జనవరి నుంచి డిసెంబర్. వెస్ట్ అయినవి మాత్రమే చూపాలి. మూలధర, ఏడాదిలో గరిష్ఠ విలువ, డిసెంబర్ 31 విలువ, వచ్చిన డివిడెండు, అన్నీ ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటుతో (ఆ బ్యాంకు విదేశీ కరెన్సీ కొనే రేటు) రూపాయల్లో రాయాలి. దాచిపెడితే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల జరిమానా. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం 20 లక్షలు దాటకపోతే ఆ జరిమానా వేయరు, 2024 అక్టోబర్ 1 నుంచి. అలాగని చూపించడం మానొద్దు. అమెరికా కంపెనీ డివిడెండులో 25 శాతం అక్కడే పట్టుకుంటారు, దాన్ని ఇక్కడ తగ్గించుకోవాలంటే ఫారం 67 వేయాలి.

ఒకటి మాత్రం ఎవరూ చెప్పరు. అమెరికా పౌరుడు కాని, అక్కడ నివాసం లేని మనిషి చనిపోతే, అక్కడి ఆస్తి 60,000 డాలర్లు దాటితే అమెరికా ఎస్టేట్ పన్ను పడుతుంది, 40 శాతం దాకా. మనకు ఆ దేశంతో ఎస్టేట్ పన్ను ఒప్పందం లేదు. ఏళ్లతరబడి ఆరెస్‌యూలు పేర్చుకునేవాళ్లకు అమ్మడానికి ఇది కూడా ఒక కారణం.

శ్రీసిటీ_బిషిఫ్ట్ | 5:30

60,000 డాలర్ల సంగతి మొదటిసారి వింటున్నాను సార్. ఇంకొకటి, డీమ్యాట్ యాప్‌లో ఈసాప్ షేర్ల కొనుగోలు ధర సున్నా అని చూపిస్తుందంటారు, అమ్మితే లాభం మొత్తానికి పన్ను కట్టాలా?

చంద్రగిరి_కోట | 5:41

వద్దు. అదే రెండుసార్లు పన్ను కట్టడం. బ్రోకర్‌కు మీ పెర్క్విజిట్ సంగతి తెలియదు, ఆఫ్-మార్కెట్‌లో వచ్చిన షేర్లకు సున్నా అనో 200 అనో వేస్తాడు. మీ కొనుగోలు ధర ఎక్సర్‌సైజ్ రోజు ఎఫ్ఎంవీ (ఆ రోజు మార్కెట్ ధర), అంటే పై లెక్కలో 700. కంపెనీ ఇచ్చే ఫారం 12బీఏలో పెర్క్విజిట్ మొత్తం ఉంటుంది, దాన్ని షేర్ల సంఖ్యతో భాగించి 200 కలిపితే 700 రావాలి. రాకపోతే హెచ్ఆర్‌ను ఎక్సర్‌సైజ్ స్టేట్‌మెంట్ అడగండి. యాప్ ఇచ్చే లాభనష్టాల రిపోర్టును అలాగే రిటర్నులోకి ఎత్తుకోవద్దు, ఏఐఎస్‌లో (పన్ను శాఖ దగ్గరున్న మీ లావాదేవీల జాబితా) తప్పు ధర ఉంటే అక్కడే ఫీడ్‌బ్యాక్ పెట్టండి.

మార్కెట్‌లో కొన్నవీ ఈసాప్‌వీ ఒకే డీమ్యాట్‌లో ఉంటే ముందు వచ్చినవి ముందు అమ్ముడైనట్టు లెక్క. అందుకని ఈసాప్ కోసం వేరే డీమ్యాట్ తెరుచుకుంటే తలనొప్పి తగ్గుతుంది. ఏడాది నిర్వహణ ఛార్జీ కొన్ని వందలు, నా ఫీజు కంటే తక్కువే.

పాకాల_జంక్షన్ | 5:58

ఆ ఫీజు మాట ముందే చెప్పుంటే పొద్దున్నే తెరిచేసుందును సార్. రెండో డీమ్యాట్‌లో నామినీ మళ్లీ పెట్టాల్నా, మొదటి దాంట్లోది సరిపోతాదా?

పుత్తూరు_కట్టు | 6:10

మళ్లీ పెట్టాలి. ఖాతా ఖాతాకూ వేరు. కంపెనీ ఈసాప్ పోర్టల్‌లో ఇంకొక నామినేషన్ ఉంటుంది, అది కూడా నింపండి. ఉద్యోగి చనిపోతే వెస్ట్ కాని ఆప్షన్లు కూడా వెంటనే నామినీకి వెస్ట్ అవుతాయి, సెబీ పథకాల్లో ఏడాది కనీస గడువు అక్కడ అడ్డురాదు. పెళ్లికి ముందు పెట్టిన పేరు మార్చారో లేదో కూడా ఒకసారి చూసుకోండి.